గాలి సంచులు – కమాన్ పట్టీలు
(డిసెంబరు 17, పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం గురించి, నకారా తీర్పు గురించి నాకన్నా బాగా చెప్పేవారు ముగ్గురున్నారు. కార్యదర్శి గారు నన్ను వేరే విషయం చెప్పమన్నారు. రవాణా శాఖలో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి గనుక బండి గురించే చెబుతాను.

మా ఇంట్లో 1974 నాటి అంబాసిడర్ ఉంది. రిటైరైనప్పుడు వచ్చిన సొమ్ములో కొంత పెట్టి బోధన్ దగ్గర ఒక చెరకు రైతు వద్ద కొన్నాను. "బంగారం కొనే డబ్బుతో ఇనుము కొన్నారు" అని మా ఇంటావిడ అప్పుడే అన్నది. నిరుడు ఆమెకు నడుం నొప్పి వచ్చింది. డాక్టరు దగ్గరకు కారులో తీసుకుపోతే గుంత గుంతకూ "అబ్బా" అంటున్నది. ఇంజనీరింగు చదివే మా మనుమడు "తాతా, వెనుక కమాన్ పట్టీలు తీసేసి ఎయిర్ సస్పెన్షన్ వేయిద్దాం. మీట నొక్కితే కారు కిందికి దిగుతుంది, నాయనమ్మ ఎక్కడం సులువు" అన్నాడు. అమెరికాలో పాత షెవర్లే కార్లకు అట్లా చేయించినవారి ఫోటోలూ చూపించాడు.

గాలి మీద బరువు మోయడం మనకు కొత్త కాదు. శక్కర్‌నగర్‌లో 1937లో వెలసి 2015లో మూతపడిన చక్కెర ఫ్యాక్టరీకి చెరకు తోలినవారు మనలో ఉన్నారు. ఇనుప పట్టా చక్రాల బండికీ, టైరు బండికీ తేడా ఎద్దులను అడిగినా చెబుతాయి. ఇక్కడ ఆ గాలి చక్రంలోనే కాక, ఇరుసుకూ బండి చట్రానికీ మధ్య కూడా ఉంటుంది. దళసరి రబ్బరు సంచి, దానికి గాలి కొట్టే చిన్న కంప్రెసర్, నిలవకు ఒక ట్యాంకు, గాలిని పంపడానికీ వదలడానికీ వాల్వులు. ఆర్టీసీ వోల్వో బస్సులో చట్రం మీద వాల్వు, దాని నుంచి ఇరుసుకు ఒక కడ్డీ ఉంటాయి. జనం ఎక్కి బస్సు కుంగితే కడ్డీ కదిలి సంచిలోకి గాలి వస్తుంది, దిగితే పోతుంది. స్టాండులో వినిపించే బుసల్లో కొన్ని బ్రేకులవి, కొన్ని వీటివి.

లెక్క కూడా వేశాను, పాత అలవాటు. ఆరంగుళాల అడ్డుకొలత ఉన్న సంచికి సుమారు 28 చదరపు అంగుళాల వైశాల్యం. ఒక్కో వెనుక చక్రం మీద 350 కిలోలు, అంటే 770 పౌండ్లు అనుకుంటే చదరపు అంగుళానికి 27, 28 పౌండ్ల గాలి చాలు. మన కారు టైర్లో పెట్టేదే! మనుషులూ సామానూ కలిసి 500 కిలోలైతే 39 పౌండ్లు. బరువును బట్టి గాలి పెంచుకోవచ్చు గనుక ఖాళీగా ఉన్నా నిండుగా ఉన్నా ఊపు దాదాపు ఒకే తీరు. ఉక్కు పట్టీకి ఆ వీలు లేదు. నిండు బరువుకు సరిపోయేది ఖాళీ బండిని ఎగరేస్తుంది. ఎగిరిన ఊపును అణచడానికి షాక్ అబ్జార్బర్లు మాత్రం రెంటికీ కావలసిందే.

మనుమడు చూడనిది ఒకటుంది. కమాన్ పట్టీ మన ఆఫీసుల్లో ఇన్‌చార్జి గుమాస్తా వంటిది, రెండు సీట్ల పని చేస్తుంది. బరువు మోస్తుంది, ఇరుసును అటూ ఇటూ పోకుండా పట్టుకుంటుంది కూడా. సంచి మోయడమే చేస్తుంది. అందుచేత పట్టీలు తీసేస్తే ఇరుసును నిలపడానికి వేరే కడ్డీలు చట్రానికి వెల్డింగు చేయాలి. సంచి కారితే తెల్లారేసరికి కారు చతికిలబడుతుంది. 1957లో కాడిలాక్ వారి ఖరీదైన కారుకు ఎయిర్ సస్పెన్షన్ పెడితే, గాలి కారడంతో విసిగి చాలామంది మామూలు స్ప్రింగులు వేయించుకున్నారు. తరువాత సరుకు బాగుపడిందనుకోండి.

ఇక చట్టం. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మీద 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది: తయారీదారు ఇచ్చిన అసలు లక్షణాలు మార్చరాదు. అదే ఏడు వచ్చిన సవరణతో యజమానికి ఆరు నెలల వరకు జైలు గాని, మార్పు ఒక్కింటికి 5,000 రూపాయల జరిమానా గాని పడవచ్చు. కాలిఫోర్నియాలో కథ తమాషాగా ఉంటుంది. బండి అడుగు చక్రపు రిమ్ము కన్నా కిందికి ఉండరాదని 1950ల చివర నిబంధన పెడితే, 1959లో రాన్ అగీరె అనే ఆయన విమానాల హైడ్రాలిక్ పంపులు బిగించి, మీట నొక్కితే లేచే కారు తయారుచేశాడు. ఇలా దించిన కార్ల మీద అక్కడ ఉన్న ఆంక్షలు 2024లో తొలగిపోయాయి. మన దగ్గర అటువంటిది లేదు. యాభై ఏళ్లు నిండిన కార్లకు 2021లో వచ్చిన వింటేజి నంబరు తీసుకుందామా అంటే, దానికి కారు అసలు రూపంలో ఉండాలి, రోజువారీ పనికి తిప్పరాదు. మాకు కావలసిందే ఆసుపత్రికి!

నలభై ఏళ్లుగా ఈ పని చేస్తున్న మేస్త్రీకి చూపిస్తే, ఆయన కింద దూరి నవ్వుతూ బయటికొచ్చాడు. పాత యజమాని డిక్కీలో చెరకు విత్తనపు ముక్కలూ ఎరువు బస్తాలూ వేసేవాడట. ఆ బరువుకని రెండు పక్కలా అదనపు పట్టీ ఒకటి వేయించాడు. ఇన్నేళ్లూ లేని చెరకు బరువుకు సిద్ధంగా ఉన్న పట్టీల మీద మా ఇంటావిడను కూర్చోబెట్టి తిప్పానన్నమాట. ఆర్.సి. కాగితాలన్నీ తిప్పి చూసినవాణ్ణి, కారు కిందికి ఒక్కనాడూ వంగి చూడలేదు.

అదనపు పట్టీలు తీయించి, బుష్షులూ షాక్ అబ్జార్బర్లూ మార్పించాను. మొన్న బోధన్‌లో పెళ్లికి పోయాం. జానకంపేట దాటేదాకా ఆమె ఒక్క మాట అనలేదు. దాటాక ఒకసారి "అబ్బా" అన్నది, అది నేను చూసుకోక గుంతలో దించినందుకు. తీసిన పట్టీలు రెండూ మా పెరట్లో ఉన్నాయి. ఎవరికైనా కొడవళ్లు కొట్టించుకునే పని ఉంటే వచ్చి తీసుకుపోవచ్చు.