సాగర్ లోయలో భిక్షువుల ఇళ్లు
(ఎర్రమంజిల్ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను బౌద్ధ భిక్షువుల ఇళ్ల మధ్య పెరిగానంటే, జలసౌధలో నన్ను ఫైళ్ల మధ్య చూసినవారు నవ్వుతారు. అయినా నిజమే. కాకపోతే ఆ భిక్షువులు 1700 ఏళ్ల కిందటివారు.

1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. మా నాన్నగారు ఆనకట్టకు రాతి మేస్త్రీగా వచ్చారు. ఎగువన నాగార్జునకొండ లోయ. అది మునిగేలోగా, 1954 నుంచి 1960 దాకా, పురావస్తు శాఖవారు అక్కడ తవ్వకాలు జరిపారు. ఆదివారాలు నాన్నగారి వెంట చూడబోయేవాణ్ణి.

విహారమంటే నడుమ రాతి స్తంభాల మండపం, చుట్టూ వరుసగా చిన్న ఇటుక గదులు. భోజనశాల, సామాన్ల కొట్టు ఉమ్మడి. “పడుకోవడానికి ఒక్కడే, అన్నానికి అందరూ” అనేవారు నాన్నగారు.

ఉద్యోగంలో చేరాక అక్కడి బోధిసిరి శాసనం గురించి చదివాను. ఇక్ష్వాకుల కాలపు ఉపాసిక ఆమె. సింహళ భిక్షువులకు చైత్యగృహం కట్టించి ఆ శాసనం వేయించింది. మన ఆఫీసు భాషలో అది పని పూర్తయిన రిపోర్టు. ఏ విహారంలో ఏమి కట్టించిందో పద్దు ఉంది: ఒకచోట ఒక గది, ఒకచోట మూడు, మరొకచోట ఏడు. పని పర్యవేక్షించిన చందముఖ, ధమ్మనంది, నాగ అనే ముగ్గురు స్థవిరుల పేర్లున్నాయి. అన్నీ విడిచిన సన్యాసులు కూడా పని దగ్గర నిలబడ్డారన్నమాట! రాతి పనివాడు విధికుడి పేరూ ఉంది.

1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీళ్లు వదిలారు. లోయ నీటి పాలైంది. కొన్ని కట్టడాలను విప్పి కొండ మీదికీ, అనుపుకూ చేర్చారు. కొండ ద్వీపమైంది. లోయలోని ఊళ్లవారు ఇళ్లు వదిలి వెళ్లారు. ఆ నీటితోనే లక్షల ఎకరాలు పండాయి. నా జీతమూ ఆ నీటి పుణ్యమే. ఈ రెండూ కలిపి చెప్పుకోవాలి.

విధికుడి పేరు రాతి మీద నిలిచింది. మా నాన్నగారి పేరు మస్టరు రోలులో ఉండేది. ఎంత వెతికినా ఆ రోలు నాకు దొరకలేదు.

సంఘానికి నా మనవి ఒకటే. ప్రతి సభ్యుడూ తనతో పనిచేసిన అటెండర్ల, వాచ్‌మన్‌ల, మేస్త్రీల పేర్లు ఒక కాగితం మీద రాసివ్వాలి. వాటిని మన పత్రికలో అచ్చువేద్దాం. నా కాగితం కార్యదర్శిగారికి ఇప్పుడే అందజేస్తున్నాను. అందులో మొదటి పేరు నాన్నగారిది.

సెలవు.