వంపులో పుట్టే సుడి

కామారెడ్డిలో డెయిరీ టెక్నాలజీ చదివి పట్టా అందుకుంటున్న మీకు నా అభినందనలు.

ఈరోజు ఒక్క విషయమే మాట్లాడతాను. వంపు తిరిగే ద్రవం లోపల ఏం జరుగుతుందన్నదే అది.

ఎల్లారెడ్డి వైపు వాళ్లకు మంజీర నది మలుపులు తెలుసు. బయటి ఒడ్డు కోసుకుపోతుంది, లోపలి ఒడ్డున ఇసుక మేట వేస్తుంది. పైన వడిగా పోయే నీరు మలుపులో బయటికి ఒత్తుకుంటుంది, అక్కడ మట్టం కాస్త లేస్తుంది. అడుగున నేలను ఒరుసుకుంటూ మందగించిన నీటిని ఆ మట్టమే లోపలి ఒడ్డుకు తోస్తుంది. ఆ నీరే ఇసుకను దొర్లించుకొస్తుంది.

ఆ మంజీర మీద 1923లో నిజాంసాగర్ ఆనకట్ట పని మొదలైంది. ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. అదే ఏడాది ఇంగ్లండ్‌లో భౌతిక శాస్త్రవేత్త జి.ఐ. టేలర్ వంపు తిరిగే ద్రవం మీదే ఒక గొప్ప వ్యాసం ప్రచురించాడు. ఒకదానిలో ఒకటి నిలబెట్టిన రెండు సిలిండర్లు, నడుమ సన్నని సందులో ద్రవం. బయటి సిలిండర్‌ను కదలనివ్వకుండా లోపలిదాన్ని తిప్పితే మొదట ద్రవం నున్నగా తిరుగుతుంది. వేగం ఒక హద్దు దాటగానే ఉంగరాల్లాంటి సుడులు ఒకదానిపై ఒకటి వరసగా పేరుకుంటాయి. లోపలి ద్రవానికి కోణీయ ద్రవ్యవేగం ఎక్కువ కాబట్టి అది బయటికి దూసుకుపోవాలని చూస్తుంది. స్నిగ్ధత పట్టి ఉంచగలిగినంతసేపే ఆ నునుపు. స్నిగ్ధత లేని ద్రవం విషయంలో ఈ బయటికి దూసుకుపోయే సూత్రాన్ని భౌతిక శాస్త్రవేత్త రేలీ 1916లోనే చెప్పాడు. టేలర్ స్నిగ్ధతను కూడా లెక్కలోకి తెచ్చి ఆ హద్దు ఎక్కడో ముందే లెక్కగట్టాడు, రంగు కలిపి కళ్లారా చూశాడు. రెండూ సరిపోయాయి! నాకు ఎన్నిసార్లు చదివినా ఒళ్లు పులకరించే ఘట్టం అది.

మీ ఐస్‌క్రీమ్ ఫ్రీజర్ కూడా ఈ కుటుంబానిదే: కదలని చల్లని సిలిండర్, లోపల తిరిగే డ్యాషర్. గోడను గీకే బ్లేడ్ల వల్ల అక్కడ లెక్క ఇంకా చిక్కుబడుతుంది.

నా అసలు మాట పాశ్చరైజేషన్ గురించి. 72 డిగ్రీల సెల్సియస్ దగ్గర 15 సెకన్లు అని మీరంతా కంఠతా పట్టారు. ఆ 15 సెకన్లు ఏ చుక్కకు? పలుచని పాలు ప్లాంటులో సాధారణంగా అల్లకల్లోలంగానే ప్రవహిస్తాయి, కలిసిపోతాయి. చిక్కని క్రీమ్ అలా కాదు. తిన్నని గొట్టంలో అది పొరలు పొరలుగా సాగితే నడుమ వేగం సగటుకు రెట్టింపు ఉండవచ్చు. సగటు 15 సెకన్లయినా నడిమి చుక్క ఏడున్నర సెకన్లలోనే బయటపడుతుంది. గొట్టాన్ని చుట్టలా వంచితే నడిమి ద్రవం బయటి గోడకు వెళ్లి, గోడల వెంట లోపలికి తిరిగొస్తుంది. అలా పుట్టిన జంట సుడులు నడిమి చుక్కకూ గోడ పక్క చుక్కకూ చోటు మారుస్తాయి, కాలంలో తేడా తగ్గుతుంది. గణితవేత్త డబ్ల్యు.ఆర్. డీన్ 1927, 28లలో వంపు గొట్టాల మీద కట్టిన లెక్క ఈ సుడులదే.

రేపు మీరు ఏ ప్లాంటులో చేరినా పాలను ఆ 15 సెకన్లు వేడిగా ఉంచే హోల్డింగ్ ట్యూబ్ దగ్గరికి వెళ్లండి. ఒక చివర ఉప్పు నీళ్లు ఎక్కించి, రెండో చివర విద్యుత్ వాహకత మొదటిసారి ఎప్పుడు పెరిగిందో చూడండి. సగటు చూసి సంతకం పెట్టకండి. అన్నిటికంటే ముందు బయటపడిన చుక్క ఎన్ని సెకన్లు ఉందో చూసి పెట్టండి. ఆ పాలు తాగేది పసిపిల్లలు.