పన్ను తగ్గింది, నోటీసు భయం తగ్గలేదు

(చిరువ్యాపారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





2025 సెప్టెంబరు 3న ఢిల్లీలో జరిగిన జీఎస్టీ మండలి 56వ సమావేశం పన్ను రేట్లను మార్చినది. ఆ మార్పులు అధిక భాగం అదే నెల 22 నుండి అమలులోనికి వచ్చాయి. 12 శాతం, 28 శాతం అనే శ్రేణులను దాదాపుగా తొలగించి, ప్రధానంగా 5, 18 శాతాలను ఉంచి, విలాస వస్తువులకు 40 శాతం నిర్ణయించారు. మన వృత్తుల వరకు చూచినచో, కుట్టుమిషనుపై 12 శాతం ఉన్న పన్ను 5 అయినది. సైకిలు, ఖర్జూరం, చేతివృత్తుల సరుకులు కూడా అంతే. జత రూ. 2,500 వరకు ధర గల చెప్పులు, ఒక్కొక్కటి అదే ధరలోపు గల దుస్తులు 5 శాతంలోనికి వచ్చాయి. ఆటోరిక్షా 28 నుండి 18కి తగ్గినది. మంగలి దుకాణాలు, సెలూన్ల సేవలపై 18 బదులు 5 శాతమే గాని, వారికి ఇన్‌పుట్ క్రెడిట్ లభించదు. ఇవన్నీ పత్రికలలో వచ్చినవే. తగ్గింపు మంచిదే, అభినందించవలసినదే. ఇంతకుమించి దానిని గురించి మేము చెప్పబోవుట లేదు.

మేము చెప్పదలచినది మరొకటి. రేటు తగ్గినందున మన చిరువ్యాపారి భయం తగ్గలేదు. అతడు భయపడుచున్నది పన్నుకు కాదు, కాగితానికి. ఆ భయంతోనే నమోదుకు దూరంగా ఉంటున్నాడు, బ్యాంకు ఖాతాను దాచుకుంటున్నాడు, చివరకు అప్పు కావలసి వచ్చినప్పుడు వ్యాపారం ఉన్నట్లు చూపుటకు చేతిలో ఒక్క ఆధారమూ లేక వడ్డీవ్యాపారి గుమ్మం ఎక్కుచున్నాడు. వడ్డీ హరామ్ అని జుమా ప్రసంగాలలో వింటూనే ఉన్నాము. ఆ గుమ్మం వరకు నడిపించుచున్న కారణాలలో ఇది ఒకటి అని మాత్రం ఎవరూ చెప్పుట లేదు.

2025 జులైలో కర్ణాటకలో జరిగినది మీకు గుర్తుండవచ్చును. యూపీఐ ద్వారా వచ్చిన సొమ్మును లెక్కగట్టి అక్కడి వాణిజ్య పన్నుల శాఖ వేలాది చిరువ్యాపారులకు నోటీసులు పంపినది. హావేరిలో ఒక కూరగాయల వ్యాపారికి రూ. 29 లక్షలు కట్టమని నోటీసు వచ్చినది. తాజా కూరగాయలపై అసలు జీఎస్టీయే లేదు! బెంగళూరు దుకాణాల ముందు ఫోన్‌పే బోర్డులు తీసివేసి "నగదు మాత్రమే" అని కాగితాలు అంటించారు. ఆ వార్త ఇక్కడికి చేరగానే మన బజార్లలో కూడా కొందరు క్యూఆర్ కోడ్ చింపివేశారు. ఇది తగిన మందు కాదు. చింపిన కోడ్ వలన గడచిన సంవత్సరాల బ్యాంకు వివరాలు చెరిగిపోవు. పైగా ఖాతాలోనికి వచ్చిన ప్రతి రూపాయి అమ్మకం కానక్కర లేదు. తమ్ముడు గల్ఫ్ నుండి పంపినది, చిట్టీ పాడుకున్నది, చేబదులు తిరిగి వచ్చినది, ఇవేవీ అమ్మకాలు కావు. అయితే అవి అమ్మకాలు కావని చూపవలసిన భారం మనమీద పడుతుంది. కావున వ్యాపారానికి ఒక ఖాతా, ఇంటికి మరొక ఖాతా పెట్టుకొనండి. ఖుర్ఆన్‌లోని ఆయతులన్నింటిలో అతి పొడవైనది అప్పును కాగితంపై వ్రాసుకొనుటను గురించినదని మనకందరికీ తెలుసును. లెక్క వ్రాయుట మనకు కొత్తగా నేర్పవలసిన విషయం కాకూడదు.

మేము ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా జీవితం గడిపినవారము. ఫైలు ఎట్లు నడుచునో తెలిసినవారము. నోటీసు తీర్పు కాదు. "ఇది ఎందుకు వసూలు చేయరాదో చెప్పుము" అని అడుగుట మాత్రమే. జవాబిచ్చుటకు సాధారణంగా 30 రోజుల గడువుంటుంది. జవాబు వచ్చిన ఫైలు ఒక విధంగా నడుచును, జవాబు రాని ఫైలు మరొక విధంగా నడుచును. ఆ రెండవ దానిలో అధికారి తనవద్ద నున్న అంకెలతోనే ఉత్తర్వు వ్రాసివేయును. ఉత్తర్వు వచ్చిన పిదప అప్పీలుకు మూడు నెలలు గడువు, వివాదంలో ఉన్న పన్నులో పదోవంతు ముందుగా కట్టవలసి ఉంటుంది.

ఇక్కడే ఒక చిక్కు ఉన్నది. నోటీసు ఇంటికి పోస్టులో వచ్చునని అనుకోకండి, పోర్టల్‌లో పెట్టినా ఇచ్చినట్లే లెక్క. సందేశం వెళ్ళేది రిజిస్ట్రేషన్ నాడు ఇచ్చిన ఫోన్ నంబరుకు. ఆ నంబరు ఎవరిది? మేము చూచిన పది కాగితాలలో సగానికి పైగా ఆడిటరుది, కాకపోతే అతని దగ్గర పనిచేసి మానివేసిన కుర్రవానిది. యజమానికి తెలియకుండానే నోటీసు వచ్చి, గడువు దాటి, ఉత్తర్వు అయిపోవుచున్నది. ఇంటికి వెళ్ళిన వెంటనే మీ రిజిస్ట్రేషన్‌లో ఎవరి నంబరు, ఎవరి ఈమెయిలు ఉన్నదో చూచుకొనండి.

అసలు నమోదు ఎవరికి తప్పనిసరి? ఇది తెలుగు నేలపై రెండు విధాలుగా ఉన్నది. 2019 ఏప్రిల్ 1 నుండి కేవలం సరుకులు అమ్మేవారికి పరిమితిని ఏడాదికి రూ. 20 లక్షల నుండి రూ. 40 లక్షలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్ దానిని స్వీకరించినది. తెలంగాణ 20 లక్షల వద్దనే నిలిచిపోయినది. తుంగభద్రకు ఆ గట్టున కర్నూలులో చెప్పుల దుకాణం పెట్టినవానికి రోజుకు సుమారు రూ. 11 వేల అమ్మకం వరకు నమోదు అక్కరలేదు. ఈ గట్టున అలంపూరులో అదే దుకాణం పెట్టినవాడు రోజుకు రూ. 5,500 దాటితే నమోదు కావలసినదే. రోజుకు రూ. 5,500 అమ్మకం అంటే చేతికి మిగులునది ఎంతో ఇక్కడున్న వ్యాపారులకు మేము చెప్పనక్కర లేదు. పన్ను ఎగవేతకు అనుమతించమని మేము అడుగుట లేదు. పొరుగు రాష్ట్రంలో చట్టబద్ధంగా లభించుచున్న వెసులుబాటును ఇక్కడి పేద వ్యాపారికి కూడా ఇమ్మని అడుగుచున్నాము. ఇది ముస్లింల కోరిక మాత్రమే కాదు. చెప్పుల వ్యాపారం చేసే మాదిగ సోదరునిది, గుడ్డల మూట మోసే పద్మశాలి సోదరునిది కూడా. సేవలకు రెండు రాష్ట్రాలలోను 20 లక్షలే పరిమితి.

ఒక మెలిక చెప్పవలెను. గాజు గాజులపై పన్ను లేదు. కేవలం అవే అమ్మేవారు ఎంత అమ్మినా నమోదు అక్కరలేదు. అదే దుకాణంలో పన్ను పడే ఇమిటేషన్ నగలు కూడా పెట్టినచో, గాజుల అమ్మకం, నగల అమ్మకం రెండూ కలిపి పరిమితిని లెక్కించెదరు. ఒకే పాన్‌పై రెండు దుకాణాలున్నా అంతే, రెండింటినీ కలిపెదరు.

పరిమితి దాటినవారు బెదరవలసిన పని లేదు. రూ. 1.5 కోట్ల లోపు వ్యాపారానికి కాంపోజిషన్ పథకం ఉన్నది. సరుకులకు 1 శాతం, హోటలుకు 5 శాతం. ఏడాదికి రూ. 25 లక్షల సరుకు అమ్మినవాడు కట్టునది రూ. 25 వేలు, మూడు నెలలకొకసారి. వార్షిక రిటర్ను ఒక్కటే. అయితే గిరాకీదారు వద్ద పన్ను వసూలు చేయరాదు, ఇన్‌పుట్ క్రెడిట్ ఉండదు, రాష్ట్రం దాటి అమ్మరాదు. సాధారణ నమోదు కోరువారికి కూడా 2025 నవంబరు 1 నుండి ఒక సౌకర్యం వచ్చినది. నమోదైన కొనుగోలుదారులకు అమ్మిన సరుకుపై నెలకు పన్ను రూ. 2.5 లక్షలు మించదని తామే ప్రకటించి, ఆధార్ ధ్రువీకరణ చేయించుకున్నవారికి మూడు పనిదినాలలో రిజిస్ట్రేషన్ ఇచ్చెదరు. ఇంతకుముందు వారాలు తిరిగినవారికి దీని విలువ తెలియును.

సోదరీమణులకు ఒక ముఖ్య విషయం. ఇంటిలో బురఖాలు కుట్టి ఇన్‌స్టాగ్రామ్‌లో ఆర్డర్లు తీసుకొనువారు ఎందరో ఉన్నారు. హైదరాబాదు నుండి హైదరాబాదుకు, వరంగల్లుకు పంపినంత వరకు 20 లక్షల పరిమితి వర్తించును. అదే బురఖా కర్నూలుకో, బీదరుకో కొరియర్ చేసినచో అది రాష్ట్రాంతర అమ్మకం. అప్పుడు పరిమితి లేదు, మొదటి రూపాయి నుండే నమోదు కావలెను. చేతిపనితో చేసిన హస్తకళా వస్తువులకు మాత్రం కొన్ని షరతులతో మినహాయింపు ఉన్నది. 2014 వరకు ఒకే రాష్ట్రంలో ఉన్న హైదరాబాదు, కర్నూలు ఇప్పుడు చట్టం దృష్టిలో రాష్ట్రాంతరం!

మసీదు కమిటీల పెద్దలు కూడా వచ్చి ఉన్నారు కనుక మల్గీల అద్దె సంగతి. ఆదాయపు పన్ను చట్టం కింద నమోదు కలిగిన ధార్మిక ట్రస్టుకు చెందిన ప్రార్థనాలయ ఆవరణలో, నెలకు రూ. 10,000 లోపు అద్దె గల దుకాణాలకు జీఎస్టీ లేదు. ఆ నమోదు లేక ఈ మినహాయింపును కోల్పోవుచున్న కమిటీలు ఉన్నవి. కమిటీకి జీఎస్టీ నమోదు లేకుండా, పన్ను వర్తించే అద్దె పుచ్చుకొనుచున్నచో, సాధారణ నమోదు గల అద్దెదారే 18 శాతం తాను కట్టవలెను. 2024 అక్టోబరు 10 నుండి ఇది నియమం. తరువాత అతడు దానిని క్రెడిట్‌గా వాడుకొనవచ్చును. కాంపోజిషన్‌లో ఉన్న అద్దెదారుకు ఈ భారం లేదు. అద్దె పెంచునప్పుడు, ఒప్పందం వ్రాయునప్పుడు ఇరువురూ దీనిని మాట్లాడుకొనక తరువాత మసీదులోనే తగవుపడుచున్నారు.

పాత నిల్వలను గురించి క్లుప్తంగా. 12 శాతానికి కొన్న చెప్పులు ఇప్పుడు 5 శాతానికి అమ్ముచున్నా, తీసుకున్న క్రెడిట్ పోదు. నోటుపుస్తకాల వంటి వాటిపై పన్ను పూర్తిగా ఎత్తివేశారు గనుక, నిల్వ ఉన్న సరుకుపై తీసుకున్న క్రెడిట్‌ను వెనుకకు ఇవ్వవలెను. స్టేషనరీ వ్యాపారులు ఆడిటరును అడిగి తెలుసుకొనవలెను.

చివరిగా యువకులకు. "నీ పాన్, ఆధార్ ఇవ్వు, నెలకు ఇంత ఇస్తాను" అని ఎవరైనా వచ్చినచో ఇవ్వకండి. పేదవాని పేరుతో బోగస్ సంస్థ పెట్టి, కోట్ల బిల్లులు సృష్టించి, మాయమగువారు ఉన్నారు. తలుపు తట్టుట మాత్రం ఆ పేదవానిదే. తరువాత అతడు ముస్లిం పేరు గలవాడైతే వార్త ఏ విధంగా వచ్చునో మనకు తెలియును. జీఎస్టీ పోర్టల్‌లో పాన్ సంఖ్యతో వెదకినచో ఆ పాన్‌పై ఎన్ని రిజిస్ట్రేషన్లు ఉన్నవో కనిపించును. రుసుము లేదు, రెండు నిమిషాల పని.

తెలంగాణలో సరుకుల పరిమితిని 40 లక్షలకు పెంచవలెనని ముఖ్యమంత్రికి, వాణిజ్య పన్నుల శాఖకు ఇవ్వదలచిన వినతిపత్రం ద్వారం వద్ద బల్లపై ఉన్నది. సంతకంతో పాటు వ్యాపారం పేరు, ఊరు వ్రాయండి. నోటీసు వచ్చినవారు, వచ్చినదో లేదో తెలియనివారు రిజిస్ట్రేషన్ కాగితం, ఫోను పట్టుకొని అదే బల్ల దగ్గరకు రండి. అసర్ నమాజు వరకు మేము అక్కడే ఉంటాము.