తుంటి విరిగితే రక్తం ఎక్కడికి పోతుంది?

(ఆదోని, ఎమ్మిగనూరు పెన్షనర్ల ఉమ్మడి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. సర్వీసంతా ఫైళ్ళు చూసిన గుమాస్తాను. అయితే బాత్‌రూములో కాలు జారి తుంటి విరగడం మన వయసువారి ఇళ్ళలో తరచూ వినే మాట. అందుకని చదివి, డాక్టర్లను అడిగి తెలుసుకున్న నాలుగు సంగతులు మనవి చేస్తాను.

తుంటి దగ్గర తొడ ఎముక ముఖ్యంగా రెండు చోట్ల విరుగుతుంది. ఒకటి కీలు సంచి లోపల, రెండోది సంచికి బయట కాస్త కింద. లోపల విరిగితే రక్తం చాలావరకు అక్కడే ఆగుతుంది. బయట విరిగితే తొడ కండరాల్లోకి దిగుతుంది. చర్మం తెగదు, చుక్క కనబడదు, లోపల మాత్రం ఖర్చు నడుస్తూనే ఉంటుంది. మన ఒంట్లో ఉండేదే నాలుగైదు లీటర్ల రక్తం. బయటి రకం విరుపులో ఆపరేషన్‌తో కలిపి పోయేది ఒక్కోసారి లీటరు దాటుతుంది. ఆపరేషన్ బల్ల మీద కంటికి కనిపించేది అందులో కొంత భాగమే. కనుక ఆపరేషన్ బాగా జరిగిందన్నా, మరునాడు హిమోగ్లోబిన్ మళ్ళీ పరీక్ష చేయించారా అని ఇంటివారు అడగాలి.

ఇక ఆలస్యం సంగతి. పడినవారికి తొడకు నూనె రాసి మర్దన చేయడం, పుత్తూరు కట్టుకు బయలుదేరడం మన రాయలసీమలో అలవాటు. చేయి విరుపుల మాట ఎలా ఉన్నా, ముసలివారి తుంటికి కట్టు కట్టి నెలల తరబడి పడుకోబెడితే పుండ్లు, న్యుమోనియా, కాళ్ళలో రక్తం గడ్డలు వస్తాయి. ఆసుపత్రిలో చేరిన రోజునో మరునాడో ఆపరేషన్ జరగాలని బ్రిటన్‌లో 2011 నుండి నియమం పెట్టుకున్నారు. ఆదోని నుండి కర్నూలు పెద్దాసుపత్రికి సుమారు 100 కిలోమీటర్లు. ఇంట్లో నాలుగు రోజులు చూసి బయలుదేరితే ఆ గడువు ఇంట్లోనే తీరిపోతుంది. నడిపించకుండా, కాలు కదలకుండా దిండ్లు పెట్టి తీసుకుపోవాలి.

ఇప్పుడు ఒక మందు గురించి. పేరు ట్రానెక్సామిక్ యాసిడ్. జపాన్‌కు చెందిన ఉటాకో ఒకమోటో అనే వైద్యురాలు, ఆమె భర్త షొసుకే కలిసి కనుగొని 1962లో ప్రకటించారు. ఎమ్మిగనూరు వారికి సులభంగా చెప్పవచ్చు. గాయమైన చోట మన రక్తమే సన్నని పోగులతో వల నేసి రంధ్రం మూస్తుంది. శరీరమే మళ్ళీ ఆ పోగులను విప్పుతుంది. ఆపరేషన్ వేళ ఆ విప్పడం తొందరగా సాగితే రక్తం కారుతుంది. ఈ మందు కొత్తగా నేయదు, నేసినదాన్ని విప్పనివ్వదు, అంతే. రకరకాల ఆపరేషన్లు చేయించుకున్న 9,535 మందిపై జరిపి 2022లో ప్రకటించిన పరిశీలనలో, తీవ్ర రక్తస్రావం మందు లేనివారిలో నూటికి 11.7 మందికి, మందు ఇచ్చినవారిలో 9.1 మందికి కలిగింది. తుంటి ఆపరేషన్లలోనూ రక్తం ఎక్కించే అవసరం తగ్గుతున్నదని తేలింది. ఖరీదైన మందేమీ కాదు. అయితే ఫిట్స్, మూత్రపిండాల జబ్బు, ఇటీవల రక్తం గడ్డ కట్టిన చరిత్ర ఉంటే ముందే చెప్పాలి. ఇవ్వాలా వద్దా అన్నది డాక్టరు నిర్ణయం. అడగడం మాత్రం మన హక్కు.

"రెండు సీసాల రక్తం ఎక్కించండి, బలం వస్తుంది" అని పట్టుబట్టేవారున్నారు. అమెరికా, కెనడాలలో తుంటి ఆపరేషన్ అయిన 2,016 మందిని పరిశీలించి 2011లో ఫలితం ప్రకటించారు. హిమోగ్లోబిన్ 10 కంటే తగ్గగానే రక్తం ఎక్కించినవారికీ, 8 కంటే తగ్గినప్పుడో ఇబ్బంది లక్షణాలు కనిపించినప్పుడో ఎక్కించినవారికీ కోలుకోవడంలో తేడా కనబడలేదు. కావలసినప్పుడు రక్తం ప్రాణదానమే, సందేహం లేదు. మన దేశంలో 65 ఏండ్లు దాటినవారు రక్తదానం చేయరాదు గనుక, ఆ భారం పిల్లలది, మనుమలది. అనవసరంగా వారిని పరుగులు పెట్టించవద్దు, అవసరమైతే వెనుకాడనివ్వవద్దు.

చివరగా మనం చేయవలసినవి. ఏటా లైఫ్ సర్టిఫికేట్ ఇచ్చే నెలలోనే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. ముందే తక్కువ రక్తంతో ఉన్నవారికి తుంటి విరిగితే చేతిలో నిల్వ ఉండదు. కారణం తెలిస్తే ఇనుము, బి12, ఫోలిక్ యాసిడ్‌లలో ఏది తక్కువో సరిచేయవచ్చు. సర్వీసు రిజిస్టరులాగా ఒక కాగితం రాసి ఇంట్లో అందరికీ తెలిసే చోట పెట్టండి. బ్లడ్ గ్రూపు, బీపీ, షుగరు, వాడే మందులు, ముఖ్యంగా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వంటి రక్తం పలుచబరిచే మందులు, చివరి మాత్ర ఎప్పుడు వేసుకున్నదీ అందులో ఉండాలి. ఆ మందులను సొంతంగా మానవద్దు, గుండెకు ముప్పు. ఏది ఆపాలో, ఏది ఆపకుండానే ఆపరేషన్ చేయవచ్చో డాక్టరే చెబుతారు. నొప్పి మాత్రలు అంగట్లో అడిగి మింగవద్దు. వాటిలో కొన్ని రక్తస్రావాన్ని పెంచుతాయి.

బాత్‌రూములో పట్టుకోవడానికి ఒక కడ్డీ, రాత్రంతా వెలిగే చిన్న దీపం, జారని చెప్పులు. ఈ మూడింటికి అయ్యే ఖర్చు ఆపరేషన్ ఖర్చులో ఎన్నో వంతో మీరే లెక్కవేయండి. ఈ ప్రసంగం అచ్చయిన సంచికను మీ కోడళ్ళకు, కొడుకులకు, కూతుళ్ళకు కూడా చదివి వినిపించండి. పడిననాడు మనల్ని ఎత్తేది వారే కదా.