క్షయవ్యాధియందు శ్వాసనాళముల కఫము
(పురపాలక, తాలూకా ఉద్యోగుల నుద్దేశించిన ఉపన్యాసము)



కఫమనగనే రోగమని తలంచుట లోకమునందు వాడుక. కాని ఆరోగ్యవంతుల శ్వాసనాళములయందును పలుచని జిగురుపొర నిత్యము ఊరుచునే యుండును. ఊపిరితో లోనికి పోవు ధూళియు క్రిములును దానియందు చిక్కుకొనును. నాళముల గోడలపైనున్న సూక్ష్మరోమములు ఎడతెగక కదలుచు ఆ పొరను గొంతువైపునకు నెట్టును. మనుష్యుడు దానిని తెలియకయే మ్రింగివైచును.

ఇట్టి కావలి యుండియు క్షయ లోనికి ఎట్లు ప్రవేశించును? రోగి దగ్గినపుడు వెలువడు తుంపరలు గాలిలో ఆరి మిక్కిలి సూక్ష్మకణములగును. ఇవి జిగురుపొరను తప్పించుకొని, రోమములు లేని వాయుకోశములవరకు పోవును. సోకినవారిలో పెక్కుమంది వ్యాధిగ్రస్తులు కారు. కొందఱియందు మాత్రము ఊపిరితిత్తిలోని పుండు మెత్తబడి, కుహరమై, శ్వాసనాళములోనికి తెఱచుకొనును. అంతట రక్షణకై పుట్టిన కఫమే క్రిములకు వాహనమగును.

1882వ సంవత్సరమున రాబర్టు కోకు పండితుడు క్షయక్రిమిని ప్రకటించిన పిమ్మట, ఎండిన కఫము ధూళియై వ్యాధిని వ్యాపింపజేయునను అభిప్రాయము ప్రబలెను. 1950 తరువాతి దశాబ్దమున బాల్టిమోరు నగరమందు క్షయరోగుల గదులనుండి వచ్చు గాలిని గినీపందులచే పీల్పింపగా, వానిలో కొన్నింటికి క్షయ సోకెను. కావున వీధిలోని ఉమ్మికంటె, గాలి యాడని గదిలోని దగ్గే ఎక్కువ ప్రమాదకరము. ఉమ్మివేయుటను నిషేధించుట శుభ్రతకు అవసరమే; కాని దానితో క్షయనివారణ జరిగినదని తృప్తిపడరాదు.

మదరాసునందు 1956వ సంవత్సరమున ఆరంభమై, 1959లో ఫలితములు వెలువడిన పరిశోధన మఱియొక సంగతిని తేల్చెను. ఇంటనే యుండి మందులు సేవించిన రోగులును, ఆరోగ్యశాలయందు సేవించినవారును ఇంచుమించు సమానముగనే కోలుకొనిరి. ఇంటనున్న రోగుల కుటుంబములకు అదనపు ప్రమాదము కానరాలేదు. తగిన మందు ఆరంభమైనచో అంటుశక్తి శీఘ్రముగ తగ్గును. రోగము తెలియక గడచిన దినములే కుటుంబమునకు హానికరములు.

కావున రెండు వారములకు మించి దగ్గువారిని వెంటనే కఫపరీక్షకు పంపవలయును. నోటిలోని లాలాజలము పనికిరాదు. లోతుగ దగ్గి తెచ్చిన కఫమే, విశేషించి ఉదయకాలపుది, కావలయును. దానిని ఆరుబయట, జనులకు దూరముగ తీయింపవలయును. సూక్ష్మదర్శినిలో క్రిములు కనబడుటకు మిల్లీలీటరు కఫమునందు సుమారు 5,000 మొదలు 10,000 వఱకు ఉండవలయును. కాన అందు కానరానంతమాత్రమున రోగము లేదని త్రోసివేయక, అంతకంటె సూక్ష్మమైన జన్యుపరీక్ష చేయింపవలయును. పాఠశాలలు, కారాగారములు, ఆసుపత్రుల నిరీక్షణశాలలు మున్నగువాని కిటికీలు మూయబడకుండ చూడవలయును. 2012 నుండి ప్రైవేటు వైద్యులును ప్రతి క్షయరోగిని గూర్చి ప్రభుత్వమునకు తెలుపవలసియున్నది; ఆ నివేదిక కార్యాలయములో నిలిచిపోరాదు.

దగ్గు మొదలైన దినమునకును మందు మొదలైన దినమునకును నడుమనున్న కాలమును తగ్గించుటయే అధికారుల ప్రథమకర్తవ్యము.