కళాశాల తరగతిలో ఎందరు? బోధన ఏ తీరున?

(సమాఖ్య అధ్యయన తరగతులలో చేసిన ప్రసంగ పాఠం)



కరవు భత్యం, ఖాళీల భర్తీ, పని గంటలు – ఈ వేదిక నుండి మనం సాధారణంగా చర్చించే విషయాలు ఇవి. ఈనాడు కళాశాల తరగతి గదిని చర్చకు తీసుకొనడం కొందరికి వింతగా తోచవచ్చును. కాని మన కుటుంబాల ఆదాయ వ్యయాలను ఒక్కసారి పరిశీలించండి. భవిష్య నిధి అడ్వాన్సులలోను, సహకార పరపతి సంఘాల రుణాలలోను పిల్లల ఫీజులకు పోయేది ఎంతో మనకందరికీ తెలుసును. ట్రాక్ మెయింటెయినరు కుమార్తె ఇంజనీరింగులో చేరినా, గ్రామీణ డాక్ సేవకుని కుమారుడు డిగ్రీలో చేరినా, అనేక కుటుంబాలలో కళాశాల గడప తొక్కిన మొదటి తరం వారే. అంత సొమ్మును, అంత ఆశను పెట్టిన ఆ గదిలో ఎందరు కూర్చుంటున్నారు, అక్కడ ఏమి జరుగుతున్నది అని అడిగే హక్కు మనకు ఉన్నది.

మొదట సంఖ్యను గురించి మనవి చేస్తాము. ఇంజనీరింగు కళాశాలలలో ప్రతి 15 మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలని అఖిల భారత సాంకేతిక విద్యా మండలి నియమం ఉండేది. 2018లో దానిని 20 మందికి ఒకరుగా మార్చారు. అనగా 1,200 మంది విద్యార్థులున్న కళాశాలలో 80 మంది అధ్యాపకులు ఉండవలసిన చోట 60 మంది ఉంటే చాలునన్నమాట. ఒక్క కలంపోటుతో నాలుగింట ఒక వంతు పోస్టులు అవసరం లేనివైపోయాయి. 2024–25 నుండి మంచి స్థాయిలో ఉన్నవని గుర్తించిన కళాశాలలకు ఒక శాఖలో ఎందరిని చేర్చుకొనవచ్చునన్న గరిష్ఠ పరిమితిని కూడ తొలగించారు.

ఇది మనకు కొత్త లెక్క కాదు. నలుగురు పోస్టుమన్‌ల బీట్లను ముగ్గురికి పంచితే ఏమవుతుందో తపాలా సోదరులకు చెప్పనక్కరలేదు. బట్వాడా కాని ఉత్తరం సంచిలో మిగిలిపోయి కంటికి కనిపిస్తుంది. తరగతిలో విద్యార్థికి అందకుండా పోయిన పాఠం మాత్రం ఎవరి కంటికీ కనిపించదు. అది పరీక్ష ఫలితాల నాడు, ఉద్యోగం కోసం తిరిగే నాడు బయటపడుతుంది.

తరగతి పెద్దదైతే చదువు ఎందుకు దెబ్బతింటుంది? గదిలో గాలి చాలకపోవడం వలన కాదు. విద్యార్థి వ్రాసిన ఒక జవాబును శ్రద్ధగా చదివి, తప్పును గుర్తించి, రెండు వాక్యాలు వ్రాయడానికి 10 నిమిషాలు పడుతుందనుకొందాము. 60 మందికి 10 గంటలు. 120 మందికి 20 గంటలు. వారానికి ఒక్క అభ్యాసం ఇచ్చినా ఇంతటి పని. పాఠాలు చెప్పి, ప్రయోగశాల నడిపి, ఆపైన 20 గంటలు దిద్దగల మనిషి ఎక్కడ ఉన్నాడు? అందుచేత వ్రాతపని ఆగిపోతుంది. ప్రశ్నలు అడగడం ఆగిపోతుంది. నోట్సు చెప్పి వ్రాయించడం ఒక్కటే మిగులుతుంది. విద్యార్థి తన తప్పును సంవత్సరాంత పరీక్షలో మొదటిసారి తెలుసుకొంటాడు. అప్పటికి దిద్దుకొనే వ్యవధి ఉండదు.

ఇందులో ఎక్కువ నష్టపోయేది ఎవరు? అమెరికాలోని టెనెస్సీ రాష్ట్రంలో 1985లో ఆరంభించి నాలుగు సంవత్సరాలు ఒక పెద్ద ప్రయోగం జరిపారు. సుమారు 11,600 మంది పిల్లలను చీటీలు వేసినట్లుగా, ఏ ఎంపికా లేకుండా, 13 నుండి 17 మంది గల చిన్న తరగతులకు, 22 నుండి 25 మంది గల మామూలు తరగతులకు పంచారు. చిన్న తరగతులలోని వారు మెరుగుగా చదివారు. పేద పిల్లలకు, నల్లజాతి పిల్లలకు కలిగిన మేలు ఇంకా అధికం. అది ప్రాథమిక పాఠశాల కనుక ఆ అంకెలను కళాశాలకు యథాతథంగా అన్వయించరాదు. అయినా ఒక సత్యం గ్రహించవలసి ఉన్నది. ఇంట్లో చెప్పేవారున్న బిడ్డ ఎంత పెద్ద తరగతిలోనైనా నెట్టుకొని రాగలడు. చెప్పేవారు లేని బిడ్డకు ఉపాధ్యాయుని చూపే ఆధారం.

ఇక రెండవ విషయం, బోధన తీరు. తరగతిని 30 మందికి తగ్గించి, అక్కడ కూడ నోట్సే చెప్పి వ్రాయిస్తే ప్రయోజనం స్వల్పం. బ్రేకు ఎలా పనిచేస్తుందో గంటసేపు విన్నవానికి మనం బండిని అప్పగించము. అనుభవజ్ఞుని పక్కన నిలిచి, తానై చేసి, పొరపాటును దిద్దుకొన్న తరువాతనే అప్పగిస్తాము. ఆర్.ఎం.ఎస్.లో సార్టింగు నేర్చినవారు ఉపన్యాసం విని నేర్వలేదు, ఉత్తరాలు చేతబట్టి నేర్చారు. భౌతిక శాస్త్రమైనా, గణితమైనా ఇదే న్యాయం.

కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో జరిగిన ఒక పరిశీలన 2011లో వెలువడింది. మొదటి సంవత్సరం భౌతిక శాస్త్రంలో రెండు పెద్ద తరగతులు, ఒక్కొక్కదానిలో 250 మందికి పైగా విద్యార్థులు. ఒక వారంపాటు ఒక తరగతికి, విద్యార్థుల మన్నన పొందిన అనుభవజ్ఞుడైన ఆచార్యుడు ఉపన్యాసం చెప్పాడు. రెండవ తరగతిని, అనుభవం తక్కువైనా కొత్త పద్ధతిలో శిక్షణ పొందిన వారు నడిపారు. విద్యార్థులు ముందుగా పాఠం చదివి వచ్చారు. తరగతిలో ప్రశ్న ఇచ్చి, చిన్న చిన్న జట్లుగా చర్చింపజేసి, ప్రతివాని జవాబును చేతియంత్రం ద్వారా సేకరించి, ఎక్కడ తప్పారో చూచి వివరించారు. తరువాత జరిగిన పరీక్షలో ఉపన్యాసం విన్నవారికి సగటున 100కు 41 మార్కులు, రెండవ తరగతికి 74 మార్కులు వచ్చాయి. హాజరు కూడ పెరిగింది.

2014లో ఇటువంటి 225 పరిశీలనలను ఒకచోట చేర్చి విశ్లేషించారు. అవన్నీ విజ్ఞాన శాస్త్రాలు, ఇంజనీరింగు, గణితం విషయాలలో జరిగినవి. ఉపన్యాస పద్ధతిలో 100కు సుమారు 34 మంది తప్పగా, విద్యార్థుల చేత పని చేయించే పద్ధతిలో 22 మంది తప్పారు. నూటికి 12 మంది తేడా! ఆ పన్నెండుగురు ఎవరి పిల్లలో మనం ఆలోచించుకోవాలి. అదే విశ్లేషణలో మరొక అంశం గమనార్హం. ఈ పద్ధతి అన్ని పరిమాణాల తరగతులలోను మేలు చేసినా, 50 మంది లోపు ఉన్న తరగతులలో అత్యధికంగా మేలు చేసింది. అనగా సంఖ్య, పద్ధతి ఒకే పట్టాల జంట వంటివి. ఒక్క పట్టా మీద బండి నడవదు.

ఈ ఆలోచన మన దేశానికి పరాయిది కాదు. ఒకప్పుడు ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులుగా పనిచేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి అధ్యక్షతన 1948లో విశ్వవిద్యాలయ విద్యా సంఘాన్ని నియమించారు. ఉపన్యాసాలకు తోడుగా ట్యుటోరియల్ బోధన, గ్రంథాలయ పఠనం, వ్రాత అభ్యాసాలు ఉండాలని, అనుబంధ కళాశాలలో 1,500 మందికి మించి విద్యార్థులు ఉండరాదని ఆ సంఘం సూచించింది. ఇన్ని దశాబ్దాల తరువాత మన బిడ్డల కళాశాలలలో ట్యుటోరియల్ అనే పీరియడు కాలపట్టికలో ఉన్నదా, ఉంటే నడుస్తున్నదా అని అడగవలసిన స్థితిలో ఉన్నాము.

మన సభ్యులలో అనేకులు ఉద్యోగం చేస్తూనే చదువుతున్న విద్యార్థులు. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులోనే వెలసింది. నేడు అది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు మీద ఉన్నది. దూరవిద్య అంటే గోడలు లేని తరగతి. అందులో ఎన్ని వేలమందైనా చేరవచ్చును. అక్కడ ఉపాధ్యాయుని స్థానంలో నిలిచేవి రెండే: దిద్ది పంపిన జవాబు పత్రం, సంపర్క తరగతి. జవాబు పత్రం ఒక్క వ్యాఖ్య లేకుండా మార్కుతో మాత్రమే తిరిగి వస్తే అది చదువు కాదు, రసీదు. సంపర్క తరగతి జరిగే రోజున డ్యూటీ పడిన రన్నింగ్ సిబ్బందికి ఆ రెండవ ఆధారమూ దక్కదు.

యాజమాన్యాల వాదన మనకు తెలియనిది కాదు. “ఒక మంచి ఉపన్యాసాన్ని చిత్రీకరించి లక్షమందికి చూపవచ్చును, ఇందరు అధ్యాపకులు ఎందుకు?” అంటారు. 2020లో కళాశాలలు మూతబడినప్పుడు మన పిల్లలు సెల్‌ఫోను ముందు కూర్చొని పాఠాలు విన్నారు. వినడం జరిగింది, కాని ఎవరికి ఎక్కడ అర్థం కాలేదో చూచేవారు తక్కువయ్యారు. ఉపన్యాసాన్ని యంత్రం అందించగలదు, సందేహం. అడగలేక తల వంచుకొన్న విద్యార్థిని గుర్తించేది మనిషి. కెనడా తరగతిలో కూడ పద్ధతి మార్చారే గాని మనుషులను తగ్గించలేదు. కొత్త పద్ధతి పేరుతో పోస్టులను రద్దు చేసే ప్రయత్నాన్ని మనం గుర్తుపట్టాలి.

తల్లిదండ్రులుగా మనకూ ఒక హెచ్చరిక ఉన్నది. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో జరిపిన ఒక పరిశీలన 2019లో వెలువడింది. తామై పని చేసిన విద్యార్థులు ఎక్కువ నేర్చుకొన్నారు, కాని తక్కువ నేర్చుకొన్నామని భావించారు! సాఫీగా సాగే ఉపన్యాసం అంతా అర్థమైన భ్రమ కలిగిస్తుంది. కుస్తీ పట్టి చేసిన లెక్క అలసట కలిగిస్తుంది. కనుక “మా సారు చెప్పరు, మా చేతనే చేయిస్తారు” అని బిడ్డ ఫిర్యాదు చేస్తే తొందరపడి అధ్యాపకుని నిందించరాదు.

సోదర సోదరీమణులారా! ప్రతి శాఖా సంఘం ఈ క్రింది కార్యక్రమాన్ని చేపట్టడం అవసరమని మేము భావిస్తున్నాము.

ఒకటి: కళాశాలను ఎంచుకొనేటప్పుడు భవనాలను, ప్రకటన పలకలను చూచి మోసపోకుండా, ఒక సెక్షనులో ఎందరు, పర్మనెంటు అధ్యాపకులెందరు, దిద్దిన వ్రాతపని ఏడాదికి ఎన్నిసార్లు చేతికి వస్తుంది అని అడుగుదాము.

రెండు: ఖాళీల భర్తీకి, తరగతుల పరిమితికి పోరాడుతున్న అధ్యాపక సంఘాలకు మన సంఘాలు బాహాటంగా మద్దతు తెలుపాలి. వారి పోస్టు మన బిడ్డ చదువు.

మూడు: దూరవిద్యలో చదివే సభ్యులకు సంపర్క తరగతుల రోజులలో రోస్టరు సర్దుబాటు కల్పించవలసిందిగా స్థానిక అధికారులను కోరాలి.

నాలుగు: శాఖాపరమైన పరీక్షలకు సంఘ కార్యాలయంలో నడిపే తరగతులలో ఉపన్యాసంతో సరిపెట్టక, ప్రతి సభ్యుని చేత వ్రాయించి, ఒకరి పత్రాన్ని ఒకరు దిద్దే అలవాటు నెలకొల్పాలి. ఇందుకు ఎవరి అనుమతీ అక్కరలేదు.

పని గంటల కోసం పోరాడినవారు మన పూర్వులు. ఆ గంటలలో మిగిలిన తీరికను, సంపాదించిన వేతనాన్ని బిడ్డల చదువు మీద పెట్టినవారము మనం. ఆ చదువు నిజమైనదై ఉండాలని కోరడం మన ఉద్యమానికి కొనసాగింపే. ఈ విషయాన్ని మీమీ శాఖలలో చర్చకు పెట్టవలసిందిగా కోరుతూ సెలవు తీసుకొంటున్నాము.