పాట మనది, మరి పేరెవరిది?

(బతుకమ్మ సంబురాల సందర్భంగ న్యూజెర్సీల తెలంగాణ మిత్రులు కలుసుకున్న సభల చేసిన ప్రసంగ పాఠం)



పాటల వీడియోల గురించి మాట్లాడుమని మిత్రులు అడిగినప్పుడు, రాజకీయాలు మాట్లాడుకునే సభల ఈ ముచ్చట ఏందని కొందరికి అనిపించింది. నాకైతే ఇంతకంటె రాజకీయమైన ముచ్చట ఇంకోటి కనబడ్తలేదు. మన ఉద్యమాన్ని నడిపించింది పాట. ఇయ్యాల ఆ పాట బతుకుతున్నది వీడియోల. అందుకే ఆ వీడియో మీద ఎవరి పేరున్నది, దాని మీద వచ్చే పైసలు ఎవరికి పోతున్నయి అని అడుగుడు కూడ తెలంగాణ ప్రశ్ననే. నేను చెప్పదల్చుకున్నది ఈ ఒక్క మాటనే.

కొంచెం వెనుకకు పోదాం. బండి యాదగిరి పాట సాయుధ పోరాటంల పుట్టింది. ఆయన పోయిన చాన ఏండ్లకు "మా భూమి" సినిమాల గద్దర్ ఆ పాటకు ఆడి పాడితే, పోరాటాన్ని చూడని తరానికి కూడ అది ఎరుకైంది. పాటకు బొమ్మ తోడైతే ఎంత బలమొస్తదో మనకు అప్పుడే తెలిసింది. 2002ల కామారెడ్డిల మొదలైన ధూంధాం ఊరూరు తిరిగింది. గోరటి వెంకన్న, అందెశ్రీ, విమలక్క, రసమయి, ఇంకా పేరు రాని వందల మంది కళాకారులు గొంతులు చించుకున్నరు. 2011ల వచ్చిన "జై బోలో తెలంగాణ" సినిమాల గద్దర్ పాట మనందరికి యాదికున్నది. ఆ సినిమా మొత్తం చూడనోళ్ళు కూడ ఆ ఒక్క పాట వీడియోను పదిసార్లు చూసిండ్రు.

ఇక్కడ ఉన్న మనకు ఉద్యమం చేరింది కూడ అట్లనే. మిలియన్ మార్చ్ నాడు ట్యాంక్ బండ్ మీద మనం లేము. సాగరహారం నాడు నెక్లెస్ రోడ్డు మీద కూడ చాన మందిమి లేము. పొద్దుగాల లేచి యూట్యూబ్ తెరిస్తే ఎవరో ఫోన్ల పట్టిన పాట ఉండేది. బొమ్మ ఊగేది, శబ్దం చినిగేది. అయినా మనకు కండ్లల్ల నీళ్ళు తిరిగేవి. దాన్నే ఇంకో పదిమందికి పంపినం. అప్పుడు ఆ వీడియో ఎవరిది అని ఎవరూ అడుగలేదు. అందరిది అనే అనుకున్నం.

రాష్ట్రం వచ్చినంక పాట ఆగిపోతదేమో అని కొందరు భయపడ్డరు. ఆగలేదు. వీ6 అసొంటి చానెళ్ళు, మైక్ టీవీ అసొంటి యూట్యూబ్ వేదికలు ఏటేట బతుకమ్మకు, బోనాలకు కొత్త పాటలు తీసినయి. ఒక కెమెరా, ఒక డ్రోను, ఊర్ల చెరువు కట్ట, నలుగురు దోస్తులు ఉంటే చాలు, పాట తయారైతున్నది. ఫిల్మ్ నగర్ల ఎవరి గడప తొక్కకుంటనే పిలగాండ్లు దర్శకులైనరు, పొలం పని చేసే ఆడబిడ్డలు గాయకులైనరు. ఆస్కార్ అందుకున్న పాట పాడిన ఇద్దరిల ఒకరైన రాహుల్ సిప్లిగంజ్ కూడ యూట్యూబ్ల సొంత వీడియోలు పెట్టుకుంటనే పేరు తెచ్చుకున్నడు. ఆ పాట రాసిన చంద్రబోస్ వరంగల్ దిక్కు చల్లగరిగె బిడ్డ.

ఇండ్ల మీద కూడ ఈ వీడియోల ప్రభావం ఉన్నది. 2021ల "బుల్లెట్టు బండి" పాట వచ్చింది. ఆ ఎండాకాలం దాటినంక మంచిర్యాల దిక్కు ఒక పెండ్లిపిల్ల బరాత్ల ఆ పాటకు ఆడితే ఊరూరు చూసింది. తల వంచుకొని కూసోవాల్సిన పెండ్లిపిల్ల నడిరోడ్డు మీద నవ్వుకుంట ఆడుడు చిన్న సంగతి కాదు. ఎన్ని ఉపన్యాసాలు చెప్తే వస్తది ఆ మార్పు?

భాష సంగతి చూడుండ్రి. మనం చిన్నగున్నప్పుడు సినిమాల మన మాట రౌడీకి, తాగుబోతుకు, నవ్వులాటకు పెట్టేటోళ్ళు. 2023ల వచ్చిన "బలగం" సినిమాల పల్లెటూరు పాటకు రాసిన కాసర్ల శ్యామ్‌కు జాతీయ అవార్డు వచ్చింది. మన యాసల రాసిన పాటకు దేశం దండ వేసింది. దీని వెనుక పదేండ్లు యూట్యూబ్ల మన పాట విని విని అలవాటైన చెవులున్నయి. జనం వింటున్నరని తెలిసినంకనే సినిమావాళ్ళు మన గుమ్మం దాక వచ్చిండ్రు.

ఇంత మంచి జరిగినంక లొల్లి ఏంది? చెప్త.

2021 ఫిబ్రవరి చివర్ల "లవ్ స్టోరీ" సినిమా నుంచి "సారంగ దరియా" పాట వీడియో వచ్చింది. మంగ్లి గొంతుల కోట్ల మందికి చేరింది. ఆ వెంటనే కోమలి అనే జానపద గాయని ముందుకొచ్చి, ఈ పాటను సేకరించి టీవీల "రేలా రె రేలా" కార్యక్రమంల పాడింది నేనే అన్నది. ఆ కార్యక్రమంల అంతకుముందు ఇంకో గాయని పాడినప్పుడు తాను విన్నట్టు దర్శకుడు శేఖర్ కమ్ముల చెప్పిండు. చర్చ అయినంక కోమలికి పేరు, పారితోషికం ఇస్తమని ఒప్పుకున్నడు. ఒప్పుకునుడు మంచిదే. కాని ఆమె బయటికొచ్చి మాట్లాడింది కాబట్టి ఒక దారి దొరికింది. మాట్లాడని వాళ్ళ సంగతేంది? ఆ పాటను ఆమెకంటె ముందు నాట్లేసుకుంట పాడిన అవ్వల పేర్లు ఏ తెర మీదా రాలేదు.

ఇంకో ఇద్దరి కథ చెప్త. ఇద్దరి పేర్లు కూడ దగ్గరదగ్గరగనే ఉంటయి. ఒకాయన నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగులయ్య. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే కళాకారుడు. 2021ల "భీమ్లా నాయక్" పాటల ఆయన గొంతు విని దేశమంత తెలిసింది. 2022ల పద్మశ్రీ వచ్చింది. 2024ల అదే మనిషి హైదరాబాద్ దగ్గర కూలి పని చేస్తున్నడని పత్రికల్ల ఫోటోలు వచ్చినయి. రెండో ఆయన "బలగం" చివర్ల పాట పాడి అందరిని ఏడిపించిన పస్తం మొగిలయ్య. కొమురమ్మ, మొగిలయ్య దంపతుల పాటను ఊర్లల్ల తెరలు కట్టుకొని చూసిండ్రు, విడిపోయిన అన్నదమ్ములు కలిసిండ్రని వార్తలు వచ్చినయి. ఆయన కిడ్నీల జబ్బుతోని కొట్లాడి 2024 డిసెంబరుల కన్నుమూసిండు. ఇద్దరి పాటలు ఇప్పుడు కూడ తిరుగుతున్నయి, చూసేటోళ్ళు పెరుగుతనే ఉన్నరు. పాట సంపాదిస్తనే ఉంటది. పాడినోనికి మాత్రం ఆ ఒక్కనాటి కూలి ముట్టి ఊకుంటది.

ఇది ఎవరి మంచితనం మీదనో, చెడ్డతనం మీదనో ఆధారపడ్డ సంగతి కాదు. పద్ధతే అట్ల ఉన్నది. మన 1957 కాపీరైట్ చట్టంల జానపద పాటకంటూ ప్రత్యేక రక్షణ లేదు. తరతరాలుగ పాడుకున్న పాట మీద ఎవరికీ హక్కు లేదు. కాని దాన్ని రికార్డు చేసిన కంపెనీకి ఆ రికార్డింగు మీద 60 ఏండ్ల హక్కు ఉంటది. 2012ల చట్టాన్ని సవరించినప్పుడు పాట రాసినోళ్ళకు, బాణీ కట్టినోళ్ళకు రాయల్టీ హక్కు ఇచ్చిండ్రు. వాళ్ళు రాసిచ్చినా ఆ హక్కు పోదు. అది పెద్ద గెలుపు. కాని రాసినోళ్ళు ఎవరో తెల్వని పాటకు, ఊరు ఊరే రాసిన పాటకు, ఆ గెలుపు అక్కరకు రాదు.

దీని సెగ మనకు కూడ తగిలింది. పోయిన ఏడు మన అమ్మలు చప్పట్లు కొట్టుకుంట, వాళ్ళ అమ్మల దగ్గర నేర్చుకున్న పాట పాడిండ్రు. వెనుక ఏ స్పీకరు లేదు. ఆ వీడియో పెట్టిన రెండు రోజులకు ఒక ఆడియో కంపెనీ పేరు మీద క్లెయిమ్ వచ్చింది. ఎందుకొచ్చిందో చూస్తే, అదే బాణీల ఒక కొత్త పాటను ఆ కంపెనీ రికార్డు చేసి పెట్టుకున్నది. యూట్యూబ్ల కంటెంట్ ఐడీ అని ఒక యంత్రం ఉంటది. హక్కుదారు ఇచ్చిన పాటను అది దగ్గర పెట్టుకొని, కొత్తగ వచ్చే ప్రతి వీడియోను దానితోని పోల్చి చూస్తది. బాణీ కలిస్తే చాలు, ఆపుతది, లేకపోతే దాని మీద వచ్చే పైసలు అటు మళ్ళిస్తది. ఏది ముందు, ఏది వెనుక, ఏ ఊరు, ఏ చెరువు కట్ట అనేది యంత్రానికి తెల్వదు. మన తాతల చెరువుకు ఎవరో తూము పెట్టుకొని, మన పొలానికే శిస్తు కట్టుమన్నట్టున్నది. నీళ్ళ ముచ్చట మీద అరువై ఏండ్లు కొట్లాడినోళ్ళకు ఈ ముచ్చట కొత్తగ చెప్పాల్సిన పని లేదు.

ఒక మాట జాగ్రత్తగ అర్థం చేసుకోవాలె. ఎవరు ఎక్కడోళ్ళు అనే పంచాయతి నేను పెడ్తలేను. మన పండుగ పాటలకు గొంతైన మంగ్లి అనంతపురం జిల్లా తండా బిడ్డ. ఆమె గొంతును మనం మన బిడ్డ గొంతు అనే అనుకున్నం. 2024ల అందెశ్రీ గీతం రాష్ట్ర గీతమైనప్పుడు, సంగీతం కీరవాణి చేసుడేంది అని మనల్లనే గట్టి వాదన నడిచింది. ఆ వాదన వెనుకున్న బాధ నాకు అర్థమైతది, అవకాశం దొరకని మన సంగీతకారులది న్యాయమైన ప్రశ్న. అయితే రాష్ట్ర గీతానికి కవి పేరు ఉన్నది, సంగీత దర్శకుని పేరు ఉన్నది. పేరే లేని వేల పాటల తరఫున అంత గట్టిగ ఎవరు మాట్లాడాలె? పాట ఎవరన్న పాడనీయండ్రి, ఎక్కడికన్న పోనీయండ్రి. ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పుకుంట పోవాలె. నాకు కావాల్సింది అంతే.

ఇంకో నష్టం కూడ ఉన్నది. ఇది మన చేతులతోని మనమే చేసుకుంటున్నది. బతుకమ్మ పాటకు కొలత లేదు. ఒకామె ఎత్తుకుంటది, మిగతావాళ్ళు ఉయ్యాలో అని అందుకుంటరు. ఎత్తుకున్నామెకు దుఃఖముంటే పాటల దుఃఖం వస్తది, ఊర్ల కరువుంటే కరువొస్తది. ఉద్యమం వస్తే అమరుల పేర్లు కూడ ఆ పాటలకే వచ్చి చేరినయి. అది ఆడోళ్ళు నడిపే పత్రిక అసొంటిది. వీడియో పాట నాలుగు నిమిషాలల్ల అయిపోతది. అందుల కొత్త మాట చేర్చే సందు లేదు. 2021ల ఏ.ఆర్. రహమాన్ సంగీతంతోని, గౌతమ్ మీనన్ దర్శకత్వంల బతుకమ్మ పాట వచ్చింది. మన పండుగ అంత దూరం పోయిందని సంతోషపడ్డ. చూడ సక్కగున్నది. కాని మన హాల్లల్ల ఏమైతున్నది? పెద్ద స్పీకర్లు పెట్టి వీడియో పాటలు వేస్తున్నం, వాటిల చూసిన అడుగులు వేస్తున్నం, నోరు మాత్రం తెరుస్తలేము. పాట తెలిసిన అమ్మలు మూలకు కుర్చీలల్ల కూసొని మన ఫోటోలు చూస్తున్నరు.

మరి మనం చేయాల్సిందేంది? నాలుగు పనులు చెప్త. ఏది కూడ మన శక్తికి మించినది కాదు.

మొదటిది, చూపు. ప్రకటనల లెక్కల అమెరికాల చూసిన ఒక చూపుకు, మన దేశంల చూసిన చూపు కంటె ఎన్నో రెట్లు ఎక్కువ ధర పలుకుతది. అంటే మనం ఎవరి చానెల్ల పాట చూస్తున్నం అనేది ఊర్ల ఒక కళాకారుని ఇంట్ల పొయ్యి మీది ముచ్చట. వాట్సాప్ల ఎవరో కోసి పంపిన ముక్కను తిప్పకుండ్రి. పాడినోళ్ళ సొంత చానెల్ వెతికి, దాని లింకు పంపుండ్రి.

రెండోది, పేరు. మన వీడియో ఏది పెట్టినా కింద నాలుగు వరుసలు రాద్దాం. ఎవరు పాడిండ్రు, ఏ ఊరి పాట, ఎవరి దగ్గర నేర్చుకున్నరు, డప్పు ఎవరిది. తప్పుడు క్లెయిమ్ వస్తే ఊకోవద్దు, అభ్యంతరం పెట్టాలె. జవాబిచ్చేందుకు క్లెయిమ్ చేసినోళ్ళకు 30 రోజులే గడువు ఉంటది. ఆ గడువుల వాళ్ళు జవాబియ్యకపోతే క్లెయిమ్ పోతది. మనం అడుగనే అడుగకపోతే మాత్రం అది శాశ్వతంగ వాళ్ళదే.

మూడోది, సేకరణ. బిరుదురాజు రామరాజు గారు ఊర్లు తిరిగి పాటలు ఏరి, ఉస్మానియాల జానపద గేయాల మీద పరిశోధన చేసిన కాలంల ఆయన చేతిల ఫోన్ లేదు. మన అందరి చేతిల ఉన్నది. ఆరు నెలలు మన ఇంట్ల ఉండిపోయే అమ్మ దగ్గర ఎన్ని పాటలున్నయో మనలో ఎంత మందికి తెలుసు? ఈ శీతాకాలం ప్రతి ఇంట్ల పది పాటలు రికార్డు చేద్దాం, పేరుతోని, ఊరుతోని, తారీఖుతోని. రేపు ఎవరన్న ఈ బాణీ నాదంటే, ఫలానా నాడు ఫలానా అవ్వ పాడింది చూడుమని చూపెట్టే సాక్ష్యం అదే.

నాలుగోది, అడుగుడు. వరంగల్ల తెలుగు విశ్వవిద్యాలయం జానపద విజ్ఞాన పీఠం ఉన్నది. అక్కడి తీరు సేకరణ జనం అందరు వినేటట్టు ఇంటర్నెట్ల పెట్టుమని, జానపదం వాడుకున్న ప్రతి సినిమా, ప్రతి కంపెనీ మూలం పేరు వేసేటట్టు నియమం తెమ్మని ప్రభుత్వాన్ని అడుగుదాం. ఏ పార్టీ ప్రభుత్వమైనా సరే, మన అడుగుడు ఒక్కటే ఉండాలె.

నీళ్ళు, నిధులు, నియామకాలు అని కొట్లాడినం. ఆ మూడింటి వెనుక ఉన్నది ఒక్కటే మాట, మనది మనకు రావాలె అని. ఆ మాట పాటకు వర్తించదా? రాష్ట్రం తెచ్చిన పాటకు కనీసం దాని పేరు దానికి ఇప్పిద్దాం.

ఇప్పుడు ఆ స్పీకర్లు కొంచెంసేపు బంద్ పెట్టుండ్రి. అమ్మలారా, మీరు లేచి ఎత్తుకోండ్రి. మేము అందుకుంటం.

జై తెలంగాణ.